అమ్మమ్మ కాళ్ళ మీద చేసిన స్కాను

అల్ట్రాసౌండు డాక్టరంటే చీకటి గదిలో కూర్చుని తెర మీద బొమ్మలు చూసే మనిషని మా చుట్టాల నమ్మకం. ఇన్నేళ్ళు చేశాక కూడా మా ఆడపడుచు నన్ను పెళ్ళిళ్ళలో "స్కాన్లు తీస్తుంది" అనే పరిచయం చేస్తుంది, ఏదో ఫోటో స్టూడియోలో పనిచేసినట్టు. నేను సరిదిద్దడం మానేశాను. సరిదిద్దితే పోట్లాట అవుతుంది, పోట్లాటలో నేనే గెలుస్తాను, గెలిచాక భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోరు.

కుడి భుజం అరిగిపోయి, అనుకున్నదానికంటే ముందే ఈ పని మానుకున్నాను. స్కాను మెషిను తీగ చివరుండే ప్రోబు పట్టుకుని పొట్టల మీద నొక్కీ నొక్కీ అరిగిన భుజమది. కొత్తగా వచ్చేవాళ్ళకి నా మొదటి సలహా ఇదే: బల్ల ఎత్తు సరిచేసుకోండి. మిగతాది చెప్పడానికి ఈ కాసిని పేజీలు. ఎక్కడ చదివాను, ఎప్పుడు ఏ హోదా వచ్చింది అనేవి సర్వీసు కాగితాల్లో ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి. నేను చెప్పబోయేది ఒక పసివాడి గురించి, వాడికి నేను రాసిన ఒక తప్పు రిపోర్టు గురించి. ఆ తప్పులోంచి నన్ను బయటికి లాగినవాళ్ళు ముగ్గురు. ఒకావిడకి చదువు రాదు, ఒకాయనకి మర్యాద రాదు, మూడో ఆయన తర్వాత నెలరోజులు నన్ను పలకరించలేదు. వాళ్ళు లేకపోతే నేను ఈ పనిలో ఇంకా హాయిగా, ఇంకా తప్పుగా బతికేసేదాన్ని.

నేరేడు గింజ

మద్రాసు పేరు చెన్నైగా మారుతున్న రోజులు. బోర్డు మీద ఒకటి, నోట్లో ఒకటి. మైలాపూరులో ఒక ప్రైవేటు స్కాన్ సెంటర్లో నేను పనిచేసేదాన్ని. గర్భిణీలు, పిత్తాశయంలో రాళ్ళు, మూత్రపిండాల్లో రాళ్ళు. పసిపిల్లలు ఎప్పుడో ఒకరు.

ఆ పసిపిల్లల్లో కొందరు వచ్చేది పైలోరస్ కోసం. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. జీర్ణాశయం నుంచి పేగులోకి వెళ్ళే దారిలో కండరంతో చేసిన ఒక వాకిలి ఉంటుంది, అదే పైలోరస్. కొందరు పిల్లలకి పుట్టిన మూడు నాలుగు వారాలకి ఆ కండరం మందమెక్కి దారి మూసుకుపోతుంది. ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. మగపిల్లల్లో ఎక్కువ, అందులోనూ తొలిచూలు పిల్లల్లో. తాగిన పాలు కిందికి దిగవు, చివరికి పైకి చిమ్ముతాయి. మామూలుగా పసివాళ్ళు పెదవి పక్కన కక్కే రకం కాదు, మూరెడు అవతల పడుతుంది. కక్కిన మరుక్షణం మళ్ళీ పాలకి ఏడుస్తారు. నన్ను ఇప్పటికీ వదలని సంగతి అదే: జ్వరం లేదు, నొప్పి లేదు, ఉన్నదల్లా ఆకలి. ఒంట్లో నీరూ ఉప్పులూ పోయి రోజురోజుకీ ఎండిపోతారు. జబ్బు పట్టుకుంటే ఆపరేషను చిన్నదే. పైన ఉన్న కండరాన్ని చీల్చి, లోపలి పొరని ముట్టకుండా వదిలేస్తారు. పట్టుకోకపోతే పిల్లవాడు దక్కడు.

మా సెంటరుకి రెండు వీధుల అవతల పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ గోవర్ధన్ అని సర్జన్ ఉండేవాడు. చింతాద్రిపేటలో మా వెనక వీధి మనిషి, మా అన్నయ్యతో చదువుకున్నాడు, ఆ చనువుతో నన్ను ఏనాడూ డాక్టరని పిలవలేదు. ఆయన ఈ జబ్బుని వేలితో పట్టేవాడు. తల్లి పాలిస్తుండగా పక్కన కూర్చుని, చెయ్యి వెచ్చజేసుకుని, పొట్ట మీద ఓపిగ్గా వెతికేవాడు. మందమెక్కిన పైలోరస్ చిన్న గడ్డలా తగులుతుంది. పుస్తకాల్లో దాన్ని ఆలివ్ కాయతో పోలుస్తారు. ఆలివ్ కాయ ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. "నేరేడు గింజ" అనేవాడు.

"నా వేలికి కరెంటు అక్కర్లేదమ్మా," అని నన్ను రెచ్చగొట్టేవాడు.

"మీ వేలు ప్రింటు ఇవ్వదు కదండీ," అనేదాన్ని.

"తప్పు ప్రింటు ఇవ్వడం కంటే అదే నయం."

ఆ మాటకి అప్పట్లో నాకు చాలా కోపం వచ్చేది.

ఖాళీ కడుపు

కడుపు స్కానుకి వచ్చేవాళ్ళందరికీ మా రిసెప్షనులో ఒక చీటీ ఇచ్చేవాళ్ళు. పొద్దున్నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. పెద్దవాళ్ళ పిత్తాశయం చూడాలంటే అది సరైన మాటే. కానీ చీటీకి వయసు తెలీదు. నెల పిల్లవాడికీ అదే చీటీ. తల్లులు బుద్ధిగా పాలు మాన్పించి, గుక్కపట్టి ఏడ్చే పిల్లల్ని తెచ్చేవాళ్ళు. గుక్కపెట్టినప్పుడల్లా పిల్లలు గాలి మింగుతారు. అల్ట్రాసౌండుకి గాలంటే గోడ. ఈ రెండు ముక్కలూ నాకు విడివిడిగా తెలుసు. కలిపి ఆలోచించలేదు, అంతే.

ఆ సోమవారం ఎన్నూరు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు, తల్లీ కూతుళ్ళు. అల్లుడికి అక్కడ పవర్ స్టేషన్లో ఉద్యోగం. కూతురు విజయకి ఇరవై రెండు ఉంటాయేమో, తొలి కాన్పు, కళ్ళ కింద నల్లటి చారలు. ఒళ్ళో అయిదు వారాల కొడుకు. అమ్మమ్మ పేరు కోటమ్మ. నేను అరవంలో అడిగాను, విజయ అరవంలో చెప్పింది. వెనక నుంచి కోటమ్మ తెలుగులో గొణిగింది, "ఈమెకేం తెలస్తాదే, ఇంకా కాలేజి పిల్ల మాదిరుండాది."

"తెలస్తాది లెండి పెద్దమ్మా, ఇట్ట రండి," అన్నాను.

ఆవిడ సిగ్గుపడలేదు. "తెలుగోళ్ళా, మంచిదయింది, బాగా చెప్పుకోవచ్చు," అని మొదలుపెట్టింది. "అబ్బోడు ఈడకొచ్చేదానికి ముందు బస్సులో కక్కేసినాడమ్మా. ముందు సీటాయన చొక్కా అంతా పాడైపోయింది, పావం. కడుపులో చుక్క లేదు. ఇప్పుడు చూస్తే ఏం కనపడతాది? రవ్వన్ని పాలు పట్టి చూడు. నేను నీళ్ళు పోసేటప్పుడు నా కాళ్ళ మీద చూస్తా ఉండా గదా. ఎడం పక్క నించి ఒక ఉండ లేస్తాది, ఇట్ట దొర్లుకుంటా కుడి పక్కకి పోతాది. ఆడికి పోయి నిలబడిపోతాది. ఆనేక కక్కుతాడు."

మా పాఠ్యపుస్తకంలో ఈ జబ్బు కింద ఒక పేరా ఉంది. జీర్ణాశయపు అలలు పొట్ట చర్మం మీద ఎడమ నుంచి కుడికి కదులుతూ కనిపిస్తాయని. చదువురాని మనిషి ఆ పేరాని పొల్లుపోకుండా నాకు అప్పజెప్పింది. నేనేమన్నానో తెలుసా?

"పెద్దమ్మా, ఇది స్కాను, అన్నప్రాశన కాదు. ఖాళీ కడుపుతోనే చూడాలి. కాస్త పక్కకి జరుగు."

బయట పదిమంది గర్భిణీలు, వాళ్ళ స్కానుకి మూత్రాశయం నిండి ఉండాలి కాబట్టి, లీటర్లకొద్దీ నీళ్ళు తాగి, ఆపుకోలేక, నిమిషానికోసారి తలుపు తడుతున్నారు. బల్ల చల్లగా ఉంది, జెల్ ఇంకా చల్లగా ఉంది, పిల్లవాడు విల్లులా వెనక్కి వంగి ఏడుస్తున్నాడు. తెర నిండా తెల్లటి గాలి. పైలోరస్ ఉండాల్సిన చోట ఏదో లీలగా, ఉందో లేదో. అయిదు నిమిషాలు చూశాను. తర్వాత రాశాను: పైలోరస్ నార్మల్.

"కనబడలేదు" అని రాయకూడని చోటు

ఎందుకలా రాశానో నిజం చెప్పకపోతే ఈ కాగితాలు దండగ.

మా సెంటరు పెద్దాయన రాఘవన్ సార్. మంచి రేడియాలజిస్టు. ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఎత్తి చూసి, పక్కవాళ్ళకి కనిపించనిది చెప్పేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. కానీ ఆయనకి ఒక మాటంటే పడేది కాదు. రిపోర్టులో "సరిగ్గా కనబడలేదు" అని ఉంటే ఎర్ర సిరాతో గీత గీసి వెనక్కి పంపేవాడు.

"మనిషి ఇంత దూరం వచ్చి కూర్చుంది నువ్వు చూస్తావని," అనేవాడు. "కనబడలేదని చెప్పడానికి నువ్వెందుకు, వాచ్‌మన్ చాలు."

వినడానికి బాగుంది కదా. కష్టపడి ఇంకోసారి చూడమని ఆయన ఉద్దేశం. కానీ రోజుకి అంతమందిని లైన్లో నిలబెట్టి ఆ మాటంటే, కింద పనిచేసే మాకు అర్థమయ్యేది వేరు: కనిపించకపోయినా ఏదో ఒకటి రాసెయ్యి. కనిపించని చోట "నార్మల్" అని రాయడం మాకు అలవాటైపోయింది. ఎక్కువసార్లు ఏమీ జరగదు, ఎందుకంటే ఎక్కువమంది నిజంగానే నార్మల్. అట్లా ఏమీ జరగని ప్రతిసారీ ఆ అలవాటు గట్టిపడుతుంది. నా అనుభవంలో ఈ వృత్తిలో అన్నిటికంటే ప్రమాదమైన మాట క్యాన్సర్ కాదు, నార్మల్. క్యాన్సర్ అంటే ఇంకోచోట చూపించుకుంటారు. నార్మల్ అంటే ఇంటికి పోతారు.

ఎన్నూరు వాళ్ళు ఇంటికి పోయారు. అక్కడి డాక్టరు నా కాగితం చూసి, లోపల దోషం లేదు, పాలు పడటం లేదేమోనన్నాడు. డబ్బా పాలు మార్చాడు. చుక్కల మందు రాశాడు. అది ఆయన తప్పని నేననను. నా సంతకం చూసి నమ్మాడు.

శనివారం ఫోను

అయిదు రోజుల తర్వాత పొద్దున గోవర్ధన్ గారు ఫోన్ చేశారు.

"ఏమ్మా, ఎన్నూరు నుంచి వచ్చిన బిడ్డకి పైలోరస్ నార్మల్ అని రాశావా?"

"రాశానేమో. చూసి చెప్తాను."

"చూడక్కర్లేదు, నీ సంతకం నా చేతిలో ఉంది. ఆ బిడ్డ నా వార్డులో ఉన్నాడు. నిన్న మధ్యాహ్నం తెచ్చారు. కళ్ళు లోపలికి పోయాయి, మాడు గుంటపడింది, చర్మం పట్టి లాగితే అట్లే నిలబడుతోంది. రాత్రంతా డ్రిప్ ఎక్కించాం."

ఆయన అక్కడితో ఆగలేదు.

"రెండుసార్లు చూశాను. పొట్ట బిగబట్టి ఏడుస్తున్నాడు, నా వేలికి తగల్లేదు. నాకు ఇదే అనిపిస్తోంది, కానీ నీ కాగితం కాదంటోంది. ఊరికే అనిపించి నెల పిల్లవాడి పొట్ట కొయ్యను. ఇంకో దారి ఎక్స్‌రేలో కనబడే బేరియం మందు తాగించి ఫిల్ము తియ్యడం. వీడు తాగింది తాగినట్టు చిమ్ముతున్నాడు, బేరియం ఊపిరితిత్తుల్లోకి పోతే ఈ బలహీనానికి తట్టుకోలేడు. నర్సుతో పంపిస్తా, ఇంకోసారి చూడు. మధ్యాహ్నంలోగా ఉందో లేదో చెప్పు. లేదా తెలీదని చెప్పు. ఆ మూడో మాట నీకొచ్చా అసలు?"

ఫోను పెట్టేశాడు. ఇరవైమంది ఉన్న గదిలో చెంప మీద కొట్టినట్టయింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన వేరే స్కాన్ సెంటరుకి పంపొచ్చు. నా గురించి ఊరంతా చెప్పొచ్చు. నా దగ్గరికే పంపాడు. మర్యాద లేని మనిషి చేసిన ఆ మర్యాద నాకు అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది.

బల్ల దిగి నేల మీదికి

పిల్లవాణ్ణి తెచ్చారు. చేతికి డ్రిప్పు, ముక్కులో సన్నటి గొట్టం. సోమవారం వాడి ఏడుపుకి గది అదిరింది. ఇప్పుడు గొంతు పిల్లికూన గొంతంత. బల్ల మీద పెట్టగానే మళ్ళీ వెనక్కి వంగిపోయాడు. ప్రోబు పెడితే మళ్ళీ అదే గాలి. విజయ గోడవైపు తిరిగి నిలబడింది, చూడలేక.

కోటమ్మ వైపు చూశాను. "పెద్దమ్మా, ఆ రోజు నువ్వేదో చెప్పావే. నీళ్ళు పోసేటప్పుడు కనిపిస్తుందని."

"ఇప్పుడడగతా ఉండావా," అంది.

"ఇప్పుడే అడుగుతున్నా."

ఆవిడ చెప్పులు విడిచి, గోడకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. చీర మోకాళ్ళ దాకా లాక్కుని, రెండు కాళ్ళూ బార్లా చాపింది. "ఆ బల్ల వాడికి తెలీదు. ఇట్టియ్యి."

మన ఇళ్ళల్లో పసిబిడ్డలకి నీళ్ళు పోసేది అట్లాగే కదా. నర్సు డ్రిప్ సీసా పట్టుకుంది, నేను పిల్లవాణ్ణి అందించాను. అమ్మమ్మ పిక్కల మధ్య పల్లంలో వీపు ఆనగానే, తల ఆవిడ పాదాల వైపు పెట్టుకుని, వాడు ఏడుపు ఆపేశాడు. పుట్టినప్పటి నుంచి రోజూ పడుకున్న చోటు. ఆవిడ ఒక చెయ్యి వాడి ఛాతీ మీద వేసింది.

వాడికి తాగడానికి ఏమైనా పట్టొచ్చా అని నర్సు గోవర్ధన్ గారికి ఫోన్ చేసి అడిగింది. ముందు గొట్టంలోంచి గాలి లాగెయ్యమన్నాడు, తర్వాత కాసిన్ని గ్లూకోజు నీళ్ళు పట్టొచ్చు, స్కాను అవగానే అవి కూడా లాగెయ్యాలి. ఇప్పుడు పట్టేదెవరు? కోటమ్మ కూతురు వైపు తల ఊపింది. "ఏడిస్తే వాడి కడుపు నిండదు. వచ్చి కూచో. పాలాడ ఉండాది గదా సంచిలో."

పాలాడంటే ముక్కున్న చిన్న గిన్నె, పసిపిల్లల నోట్లో చుక్క చుక్కగా పొయ్యడానికి. విజయ తల్లి పాదాల దగ్గర కూర్చుని పట్టడం మొదలుపెట్టింది. మొదటి చుక్కలు గడ్డం మీద పడ్డాయి. తర్వాత కుదురుకుంది.

నేను కూడా నేల మీద కూర్చున్నాను. ప్రోబు తీగ ఆ చివరి దాకా లాగాను. మెషిను తెర ఎక్కడో పైన, మెడ ఎత్తి చూడాలి. జెల్ సీసాని వేణ్ణీళ్ళలో పెట్టించాను, అదీ మొదటిసారే.

"కుడి పక్కకి తిప్పాలి పెద్దమ్మా, మెల్లగా."

ఆవిడ చేతులు కదపలేదు. కుడి కాలు కొంచెం పైకెత్తింది. పిల్లవాడు తనంతట తనే కుడివైపుకి ఒరిగాడు. కడుపులో నీళ్ళు కుడివైపుకి, గాలి ఎడమవైపుకి. తెర మీద తెల్లటి గోడ పక్కకి జరిగింది. నల్లటి నీటి మడుగు తెరుచుకుంది. దాని కొసన, కాలేయం కింద, ఆ రోజు నాకు కనిపించనిది అంతా ఉంది. మధ్యలో సన్నటి దారం లాంటి దారి, దానికి రెండువైపులా మందపాటి కండరం. అల వచ్చింది. నీళ్ళని తోసుకుంటూ వాకిలి దాకా వచ్చి, కొట్టుకుని, వెనక్కి తిరిగిపోయింది. చుక్క దాటలేదు.

"అదో, లేచింది చూడు," అంది కోటమ్మ. ఆవిడ తెర చూడటం లేదు. పొట్ట చూస్తోంది. నేనూ చూశాను. చర్మం కింద ఉండ ఎడమ నుంచి దొర్లుకుంటూ కుడికి వచ్చింది. ఇద్దరం ఒకేదాన్ని చూస్తున్నాం. ఆవిడ అయిదు రోజుల ముందే చూసింది.

కండరం మందం మూడు మిల్లీమీటర్లు దాటితేనే అనుమానపడాలి. వీడికి అయిదుంది. అయినా వెంటనే లేవలేదు. ఒక్కోసారి కండరం ఊరికే బిగుసుకుని కాసేపటికి వదులుతుంది, దాన్ని జబ్బనుకుంటే అనవసరంగా కోసినట్టవుతుంది. పావుగంట అట్లే కూర్చున్నాను. వదల్లేదు. బయట తలుపు తడుతున్నారు, తట్టనిచ్చాను.

ఆ పావుగంటలో ఎప్పుడో రాఘవన్ సార్ తలుపు తీసి చూశారట. నేల మీద నలుగురు ఆడవాళ్ళం, గిన్నె, సీసా, తీగలు. తలుపు వేసి వెళ్ళిపోయారట.

రిపోర్టు

గోవర్ధన్ గారికి ఫోన్లో చెప్పాను: ఉంది, సందేహం లేదు. సరే అన్నాడు. తర్వాత కాగితం రాయాలి.

సార్ తన గదికి పిలిచారు. మేం మాట్లాడుకునేది అరవం, ఇంగ్లీషు కలగలిపి. ఆయన గొంతు మెత్తగానే ఉంది.

"పాత రిపోర్టు చూశాను. కంగారేం లేదు. ఈ జబ్బు రోజురోజుకీ పెరిగేదే కదా. సోమవారం లేదు, ఈ అయిదు రోజుల్లో వచ్చింది. అట్లా రాసెయ్యి. ఎవరూ తప్పు పట్టరు."

అది అబద్ధమని కూడా చెప్పలేం. కొందరు పిల్లల్లో నిజంగా అట్లా జరుగుతుంది. అందుకే ఆ మాట అంత అందంగా ఉంది.

"సోమవారం లేదని మనకెట్లా తెలుసు సార్? నేను చూడలేదు కదా."

"చూడలేదంటే? రాశావుగా."

"రాశాను. చూడలేదు."

ఆయన పెన్ను కింద పెట్టారు. "ఇది నీ ఒక్కదాని పేరు కాదమ్మా. పైన సెంటరు పేరుంటుంది."

"ఆ పేరు చూసే సార్, ఎన్నూరు డాక్టరు అయిదు రోజులు డబ్బా పాలు మార్చుకుంటూ కూర్చున్నాడు."

ఇంకా చాలా అన్నాను. ఎర్ర సిరా గురించి కూడా అన్నాను. అనాల్సినదానికంటే ఎక్కువే అన్నానని ఇప్పుడు ఒప్పుకుంటాను. నా తప్పులో సగం ఆయన నెత్తిన పెట్టడానికి చూశాను. ఆయన నియమం ఎట్లాంటిదైనా, కలం నా చేతిలో ఉంది.

చివరికి నేను రాసింది ఇది. మొదటి పరీక్షలో గాలి వల్ల పైలోరస్ కనబడలేదు, నార్మల్ అని రాయడం పొరపాటు. ఈ రోజు పరీక్షలో జబ్బు స్పష్టంగా ఉంది. సార్ చదివి, గీత గియ్యకుండా, తన సంతకం కూడా పెట్టి పంపేశారు. తర్వాత నెలరోజులు నాతో మాట్లాడలేదు. కానీ ఆ వారమే రిసెప్షనులో చీటీ మారింది: పసిపిల్లల్ని పాలు తాగే వేళకి తీసుకురండి, పాలు వెంట తెచ్చుకోండి. ఎవరు మార్పించారని అడిగితే రిసెప్షను అమ్మాయి సార్ గదివైపు చూపించింది. అట్లాంటి పెద్దాయన కింద పనిచేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా అదృష్టమే.

శనివారం వాళ్ళు వార్డుకి తిరిగి వెళ్ళేముందు కోటమ్మకి కూడా చెప్పాను. తప్పు నాదేనని, ఆ రోజు నీ మాట వినాల్సిందని. క్షమించేస్తుందని అనుకున్నానేమో.

"తప్పని చెప్పినావు, సరే," అంది. "బిడ్డ బతకనీ. ఆనేక చూద్దాం."

కొత్తవాళ్ళకి, దారిలో

ఆ తర్వాత ఎన్నో పైలోరస్‌లు చూశాను, చాలావరకు నేల మీదే. ఒక చాప కొని గదిలో పెట్టుకున్నాను. కొందరు సహోద్యోగులు నవ్వారు. ఒక కుర్ర డాక్టరు "మేడమ్, పీట కూడా వేసి హారతి ఇవ్వండి" అన్నాడు. ఆర్నెల్ల తర్వాత తనకి కనిపించని బిడ్డని నా చాప మీదికే పంపాడు. ఆ హారతి నేను బాగానే ఇచ్చాను.

అట్లా కూర్చున్నప్పుడు ఒకసారి, నాలుగు మిల్లీమీటర్ల మందం చూసి ఖాయమనుకున్న ఒక ఆడపిల్ల పైలోరస్ పన్నెండో నిమిషంలో మెల్లగా విచ్చుకుంది, పాలు జారిపోయాయి. ఆ పిల్ల కత్తి లేకుండా ఇంటికి పోయింది. ఓపిక పట్టడం కూడా పరీక్షలో భాగమే. ఇంకొకటి: కక్కేది పసరు రంగులో ఉంటే ఇది ఈ జబ్బు కాదు, పేగు మెలిపడి ఉండొచ్చు. ఆ బిడ్డని క్యూలో కూర్చోబెట్టకండి.

మీ మెషిన్లు మా వాటికంటే వందరెట్లు మేలు. కానీ పిల్లవాడు అదే పిల్లవాడు. రోజూ వాణ్ణి చూసే మనిషి మీ ఎదురుగా నిలబడి ఏదో చెప్తుంటే, ప్రోబు పక్కన పెట్టి వినండి. ఆవిడ మాటలో మీ పుస్తకం పేరా ఉందో లేదో తర్వాత వెతుక్కోవచ్చు.

సోమవారం మధ్యాహ్నం

రక్తంలో ఉప్పులు సర్దుకునేదాకా గోవర్ధన్ గారు కత్తి ముట్టలేదు. ఈ జబ్బులో తొందరపడాల్సింది డ్రిప్పుకే, ఆపరేషనుకి కాదు. సోమవారం పొద్దున చేశాడు. మధ్యాహ్నం మొదటిసారి నోటికి ఇస్తారని తెలిసి, స్కాన్లు ఇంకొకరికి అప్పజెప్పి వార్డుకి వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. గోవర్ధన్ గారు నన్ను చూసి, "కూర్చో, నీ పేషెంటే కదా," అన్నాడు. అంతకుముందు ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు.

"ఒకటి రెండుసార్లు కక్కినా భయపడొద్దు," అని విజయకి చెప్పాడు. "వాపు తగ్గాలి."

పది మిల్లీలీటర్లు. విజయ పాలాడతో పట్టింది. కోటమ్మ పక్కనే తువ్వాలు చేతుల మీద పరుచుకుని ముందుకి వంగి నిలబడింది. రెండు మూడు వారాలుగా ప్రతిసారీ పాలు పట్టాక ఆవిడ అట్లాగే నిలబడుతోంది కాబోలు. గిన్నె ఖాళీ అయింది. అయిదు నిమిషాలు. పది. పొట్ట మీద కట్టు కింద ఏ ఉండా లేవలేదు. పిల్లవాడు కాళ్ళు ఆడించాడు. మొహం ముడుచుకున్నాడు. కోటమ్మ తువ్వాలు ఇంకా దగ్గరికి తెచ్చింది. వాడు ఒక్క తేన్పు తేన్చి, నోరంతా తెరిచి ఏడుపు మొదలుపెట్టాడు.

విజయ భయంగా చూసింది. "ఏంది డాక్టర్, నొప్పా?"

"నొప్పి కాదు. ఇంకా కావాలంట," అన్నాడు గోవర్ధన్ గారు. "రెండు గంటలకి ఇంకో పది. అప్పటిదాకా ఏడవనీ."

కోటమ్మ తువ్వాలు మడిచి భుజాన వేసుకుంది. మంచం పక్కన స్టూలు మీద నా పక్కనే కూర్చుని, "వాడి గొంతు వచ్చిందమ్మా," అంది.

నిజమే. పిల్లికూన గొంతు పోయింది. వార్డు ఆ చివర ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూస్తున్నారు. దిగిన పాలు దిగాయి, వాడు రెండో విడత కోసం ఏడుస్తున్నాడు, మేం నలుగురం చుట్టూ కూర్చుని ఆ ఏడుపు వింటున్నాం. వాణ్ణి ఊరుకోబెట్టాలని ఎవరికీ అనిపించలేదు.